పక్షుల పాట: కసాల్స్ చెల్లో కచేరి

1961 నవంబరు 13వ తేది రాత్రి అమెరికా అధ్యక్షుని వైట్ హౌస్‌లో పాబ్లో కసాల్స్ చెల్లో వాయించారు. అప్పటికి ఆయన వయస్సు 84 సంవత్సరాలు. ఆ కచేరి రికార్డుగా వెలువడింది. మన పాఠకులు వినదగినది గనుక దాని గుణదోషాలను ఇక్కడ వ్రాస్తున్నాను.

చెల్లో వయొలిన్ జాతి వాద్యమే గాని ఆకారంలో చాలా పెద్దది. కూర్చొని, మోకాళ్ళ నడుమ నిలుపుకొని కమానుతో వాయిస్తారు. దాని నాదం గంభీరం. మగవాని గొంతుకు దగ్గరగా ఉంటుంది.

మొదట మెండెల్సన్ 1839లో రచించిన డి మైనర్ త్రయం. పియానో హోర్షోవ్‌స్కీ, వయొలిన్ ష్నైడర్ వాయించారు. తొలి పలుకు చెల్లోదే. వేగం గల చోట్ల కసాల్స్ కమానులో పూర్వపు నునుపు లేదు. వాయిస్తూ ఆయన మూలిగే మూలుగు కూడ వినబడుతుంది. ఐనను ఒక్క స్వరమైనా అర్థం లేకుండ పలకలేదు. తరువాతి షూమాన్, కూపరాఁ రచనలు ఇంపుగానే సాగాయి.

కచేరికి ప్రాణం చివరి చిన్న పాట. అది కసాల్స్ స్వదేశమైన కటలోనియాలో క్రిస్మసునాడు పాడుకొనే జానపద గీతం. క్రీస్తు పుట్టుకకు పక్షులు సంతోషించడం దాని విషయం. 1939లో అంతర్యుద్ధం ముగిసి ఫ్రాంకో పాలన స్థిరపడగా కసాల్స్ ప్రవాసి అయ్యారు. ఆ పాలనలో కటలాన్ భాషకు బడులలో, కచేరీలలో చోటు లేకపోయింది. ఆయన మాత్రం తన కచేరీలను ఈ పాటతో ముగించేవారు. పియానో పిట్టల కిలకిలవలె సన్నగా మ్రోగుతుండగా చెల్లో నెమ్మదిగా అందుకొంటుంది. ఆడంబరం లేదు, తొందర లేదు. తల్లి పాడగా విన్నట్లే ఉంటుంది.

సంగీతానికి భాష అక్కరలేదని కొందరంటారు. నేను ఒప్పుకోను. చెల్లోకు మాటలు లేవు, నిజమే. కాని ఆ మాటలు కసాల్స్ గుండెలో ఉన్నాయి. ఆయన దేశంలో ఎన్నో ఇళ్ళలో ఆ భాష నిలిచింది. 1973లో పోర్టోరికోలో మరణించిన ఆయన అస్థికలు 1979లో స్వగ్రామానికి చేరేనాటికి, ఆ పాటను మాటలతో పాడేవారు అక్కడ ఉన్నారు.

కోరంగి రేవు దాటి మారిషస్ వచ్చిన మన పెద్దలు కూడ పాటలు తెచ్చారు. రామభజనలో మన పిల్లల రాగం చక్కగానే ఉంటుంది. అర్థమడిగితే తల వంచుకొంటారు. ఆ తప్పు పిల్లలది కాదు, మనది. రాగం నేర్పిన పూటనే మాటకు అర్థం కూడ చెబుదాం.