వెన్నెల ఎటు నుంచి పడింది?

గండికోట ఫోటో ఒకటి ఈ వారం వాట్సాప్‌లో తిరిగింది. పెన్నా లోయ అంచున ఎర్రరాళ్లు వెన్నెల్లో మెరుస్తున్నాయి, పైన చిక్కటి పాలపుంత. చూడగానే ఒళ్లు మండింది. అంత వెన్నెలలో పాలపుంత అలా పడదు. అమావాస్య రోజుల్లో వెళ్లండి, వేరే ఊరి ఆకాశాన్ని తెచ్చి అతికించకండి అని ఇక్కడ ఎన్నిసార్లు మొత్తుకున్నానో పాత పాఠకులకు తెలుసు.

ఈ మాట ఎత్తితే నాకు బేగంపేట గుర్తొస్తుంది. ఇప్పుడు నమ్మడం కష్టం గానీ, ఆకాశాన్నంతా ఫోటో తీసి నక్షత్రాల పట్టిక రాయాలన్న అంతర్జాతీయ పథకంలో అక్కడున్న హైదరాబాద్ నిజామియా వేధశాలకూ వాటా ఉండేది. ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ మనవాళ్ల వంతు. వేధశాల డైరెక్టర్ పాకాక్, ఆయన తర్వాత టి.పి. భాస్కరన్ ఆ పని నడిపించారు. అంతా గాజు పలకల మీదే. ఆ పథకంలో పలకను కాస్త జరిపి, దాని మీదే రెండు మూడు ఎక్స్‌పోజర్లు ఇచ్చేవారు. నక్షత్రమైతే పక్కపక్కనే చుక్కలుగా పడుతుంది, పలక మీది మరకైతే ఒంటరిగా మిగులుతుంది. నిజాన్ని తేల్చుకోవడానికే అన్ని ఎక్స్‌పోజర్లు!

అది తలుచుకున్నాక ఫోటోను పెద్దది చేసి మళ్లీ చూశాను. రాళ్ల నీడలు పాలపుంత లేచిన ఆగ్నేయం వైపే సాగాయి. అంటే చంద్రుడు కెమెరా వెనక, పడమట ఉన్నాడు. చైత్ర శుద్ధ చవితి అనుకుందాం. చంద్రుడు రాత్రి పది ప్రాంతంలో కుంకుతాడు. మూలా నక్షత్రం దగ్గరి పాలపుంత నడిమి భాగం అర్ధరాత్రి దాటాక బాగా పైకొస్తుంది. ట్రైపాడ్ కదపకుండా వెన్నెల్లో రాళ్లను ఒకసారి, చంద్రుడు పోయాక చుక్కలను ఒకసారి తీసి కలిపితే అచ్చం ఈ బొమ్మే వస్తుంది. రాళ్లూ అక్కడివే, ఆకాశమూ అక్కడిదే, రాత్రీ ఒకటే. దీన్ని అతుకు అనడానికి నాకు నోరు రాలేదు.

కాబట్టి ఈసారి చవితికే వెళ్లండి. రెండో ఫోటోకు ముందు ఫోకస్ మళ్లీ చూసుకోండి. స్క్రీన్ మీద జ్యేష్ఠా నక్షత్రాన్ని పెద్దది చేసి, అది సన్నటి చుక్క అయ్యేదాకా రింగు తిప్పండి. 20 ఎంఎం లెన్స్‌తో 20 సెకన్లు దాటించకండి, భూమి తిరుగుడుకు చుక్కలు గీతలవుతాయి.