ఓటరు కార్డు, అకామా

కందుకూరు నుంచి నేపాల్‌లోని పశుపతినాథుడి దర్శనానికి విమానంలో బయలుదేరే పెద్దమనిషికి జేబులో, ప్లాస్టిక్ కవర్లో ఓటరు కార్డు ఉంటే చాలు. పాస్‌పోర్టు అక్కర్లేదు, వీసా ఊసే లేదు. అదే శంషాబాద్ విమానాశ్రయంలో గల్ఫ్ పోయే జగిత్యాల, నిజామాబాద్ యువకుల చేతిలో మాత్రం ఫైలు ఉంటుంది. పాస్‌పోర్టు, వీసా, ఎమిగ్రేషన్ క్లియరెన్స్, బీమా కాగితం, అన్నీ అందులోనే. ఈ రెండు దారుల్లో ఏది మేలు?

నేపాల్ దారి 1950 జులై 31 నాటి భారత్-నేపాల్ ఒప్పందం వేసినది. నివాసం, ఆస్తి, వ్యాపారం, రాకపోకల్లో ఒక దేశం వాళ్ళకు రెండో దేశం, ఇచ్చిపుచ్చుకునే పద్ధతిలో, ఒకే రకమైన అవకాశాలు ఇవ్వాలని దాని ఏడో అధికరణం చెబుతుంది. అందుకే హైదరాబాద్ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నేపాలీ వాచ్‌మన్ వీసా లేకుండానే బతుకుతున్నాడు. ఇరుగుపొరుగును నమ్మిన ఒప్పందమిది. లోపమూ అక్కడే ఉంది: అతను ఎప్పుడొచ్చాడో, ఎవరి దగ్గర చేరాడో సరిహద్దులో ఎవరూ రాసుకోరు.

గల్ఫ్ దారి ఇందుకు పూర్తిగా తలకిందులు. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద, పదో తరగతి పాసవని వాళ్ళు అక్కడ పనికి వెళ్ళాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రమాద మరణానికి 10 లక్షల రూపాయల భరోసా ఇస్తుంది. ఇది చిన్న రక్షణేమీ కాదు. కానీ దిగాక అకామా, అంటే నివాస అనుమతి, కఫీల్ (పనికి పిలిపించిన యజమాని) పేరుతో ముడిపడుతుంది. జీతం రాక పని వదిలేస్తే మనిషి ‘కల్లివెల్లి’, అంటే చట్టం లెక్కలో పారిపోయినవాడు, అయిపోతాడు. ఖతార్ 2020లో, సౌదీ 2021లో ఈ కట్లు కొంత సడలించాయి గానీ పూర్తిగా తెంచలేదు.

ఒకచోట కదలికకు స్వేచ్ఛ ఉంది, లెక్క లేదు. మరోచోట లెక్క ఉంది, స్వేచ్ఛ లేదు. రెండూ కలవవా అంటే, ఐరోపా కలిపి చూపించింది. 1985లో షెంగెన్ గ్రామంలో మొదలైన ఒప్పందం ఇప్పుడు 29 దేశాల మధ్య సరిహద్దు తనిఖీలు తీసేసింది. ఐరోపా సమాఖ్య పౌరుడు పొరుగు దేశంలో పనిచేస్తే ఆ ఏళ్ళు అతని పెన్షన్ లెక్కలోకి కూడా వస్తాయి.

నా తూకంలో నేపాల్ దారే మేలు. తప్పును సరిదిద్దుకునే వీలు దానికే ఉంది. సరిహద్దులో గేటు పెట్టనక్కర్లేదు, పనిచోట రిజిస్టరు పెడితే చాలు. కాఠ్మాండూ నుంచి తిరిగొచ్చిన మన పెద్దాయనకు అర్ధరాత్రి గేటు తీసే వాచ్‌మన్ పేరూ ఊరూ రాసుకోవాల్సింది అతన్ని ఆపడానికి కాదు. రేపు అతనికేమైనా అయితే ఇంటికి కబురూ, రావాల్సిన డబ్బూ చేరడానికి.