ఆరు పలకల నట్టు

ఏప్రిల్ నెలలో ఓ ఆదివారం. పొద్దున్న ఎనిమిదింటికి ఇంగ్లండులో ఇంకా చలిగానే ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్‌కి కాస్త దూరంలో ఓ పల్లెటూరి పబ్బు వెనక, గులకరాళ్లు పరిచిన ఖాళీ స్థలంలోకి మా క్లబ్బు బండ్లు ఒక్కొక్కటే వచ్చి చేరుతుంటాయి. మలుపు తిరక్కముందే వస్తున్నది ఏ బండో చెప్పేవాళ్లు మాలో ఉన్నారు. ట్రయంఫ్ హెరాల్డ్ గొంతు వేరు, ఎం.జి.బి. గొంతు వేరు. మా మోరిస్ మైనర్ వేగం తగ్గించేటప్పుడు సైలెన్సర్లోంచి వచ్చే గురక మరీ వేరు.

ఈ ఆదివారానికి డ్రైవ్ ఇట్ డే అని పేరు. 1900 ఏప్రిల్ 23న లండన్ నుంచి 65 మోటారు బండ్లు బయల్దేరాయి. బ్రిస్టల్, బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ మీదుగా ఎడిన్‌బరో దాకా పోయి, న్యూకాజిల్, లీడ్స్, నాటింగ్‌హామ్ మీదుగా మే 12కి తిరిగొచ్చాయి. మోటారు అనేది గుర్రాల్ని బెదరగొట్టే ఆటబొమ్మ కాదని, దూరాభారం ప్రయాణానికి పనికొస్తుందని జనానికి చూపించడానికి పెట్టిన వెయ్యి మైళ్ల పరీక్ష అది. దారిపొడుగునా ఊళ్లకు ఊళ్లు మోటారుని మొదటిసారి చూశాయి. ఆ జ్ఞాపకంతోనే ఏటా ఏప్రిల్ 23కి దగ్గరగా వచ్చే ఆదివారం నాడు బ్రిటన్ అంతటా పాత బండ్లు రోడ్డెక్కుతాయి.

పాత బండిని దాచుకుంటే పాడవుతుంది. ఆర్నెల్లు కదలకుండా షెడ్డులో ఉంచితే బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి, టైర్లు నేలకానిన చోట చదునవుతాయి, రబ్బరు గొట్టాలు ఎండి పగులుతాయి, ట్యాంకులో పెట్రోలు చెడిపోతుంది. వారం వారం నడిచే బండికి ఈ రోగాలు తక్కువ. అయితే దాన్ని నడపడం, నడిచేలా ఉంచడం ఎలాగో తెలియాలి. ఆ విద్య రిపేరు పుస్తకాల్లో సగమే దొరుకుతుంది. మిగతా సగం ఇలాంటి ఆదివారాల్లో ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వస్తుంది. పదేళ్లుగా ఈ క్లబ్బుకి నేను వెళ్తున్నది అందుకే.

బయల్దేరే ముందు అరగంటసేపు బానెట్లు లేచి ఉంటాయి. అప్పుడు నేర్చుకున్నదే ఎక్కువ. ఓ ఆదివారం ఎం.జి.బి. ఒకటి ఐడ్లింగులో ఊగిపోతోంది. దానికి ఎస్.యు. కార్బొరేటర్లు రెండు. రెండూ సమానంగా గాలి పీల్చుకోకపోతే ఇంజను కుంటుతుంది. మా క్లబ్బులో డెబ్బై దాటిన పెద్దాయన ఒకరున్నారు, కుర్రతనం నుంచీ గ్యారేజీలోనే బతికిన మనిషి. కోటు జేబులోంచి మూరెడు రబ్బరు గొట్టం తీశారు. రెండు కార్బొరేటర్లనీ కలిపే కడ్డీ మీది బిగింపు వదులు చేసి, దేనికది విడిగా కదిలేలా పెట్టారు. గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసని మొదటి కార్బొరేటర్ నోటి దగ్గర ఉంచారు. సన్నగా బుస్సుమనే చప్పుడు. తర్వాత రెండోదాని దగ్గర. స్క్రూ ఇటు పావు తిప్పు, అటు పావు తిప్పు. రెండు బుసలూ ఒకే శ్రుతిలోకి వచ్చేదాకా అదే పని.

ఆ తర్వాత మా అమ్మాయిని పిలిచి గొట్టం చేతికిచ్చారు. దానికి అప్పుడు పద్నాలుగేళ్లు. "చూడకమ్మా, విను" అన్నారు. అది కళ్లు మూసుకుని రెండు చోట్లా విని, "వెనకది కొంచెం గట్టిగా ఉంది" అంది. ఆయన ఇంకో వెంట్రుకవాసి తిప్పి తలూపారు.

గాలి కుదిరాక పెట్రోలు పాళ్లు చూడాలి. ఈ కార్బొరేటర్ లోపల ఓ పిస్టన్ ఉంటుంది. ఇంజను తిరుగుతుండగా దాన్ని పక్కనున్న చిన్న పిన్నుతో మిల్లీమీటరు మందం పైకి ఎత్తాలి. ఇంజను వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు. తడబడి ఆగిపోబోతే తక్కువైనట్టు. ఒక్క క్షణం పెరిగి మళ్లీ సర్దుకుంటే పాళ్లు సరిగ్గా ఉన్నట్టు. తేడా ఉంటే కింద జెట్టుకి ఆరు పలకల నట్టు ఒకటుంటుంది. దాన్ని కిందికి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది, పైకి తిప్పితే తగ్గుతుంది. ఒకసారికి ఒక్క పలకే తిప్పాలి. తిప్పి, ఆగి, పిన్నెత్తి, వినాలి. తొందరపడి మూడు పలకలు ఒకేసారి తిప్పినవాడు ఎక్కడ మొదలుపెట్టాడో మర్చిపోతాడు. ఆ మాట పెద్దాయన ప్రతి కొత్త సభ్యుడికీ విసుగు లేకుండా చెబుతారు. నాకూ చెప్పారు, రెండుసార్లు.

ఇలాంటి కూటములు ఈ దేశంలో కొత్త కాదు. ఎం.జి. కార్ క్లబ్ 1930లో, ఆ బండ్లు కొత్తగా అమ్ముడవుతున్న రోజుల్లోనే పుట్టింది. ఫ్యాక్టరీ ఆబింగ్డన్‌లో 1929 నుంచి 1980 దాకా నడిచి మూతపడింది, క్లబ్బు మాత్రం ఉంది. ఎం.జి. అంటే మోరిస్ గ్యారేజెస్, ఆక్స్‌ఫర్డ్‌లో విలియం మోరిస్ పెట్టిన దుకాణం. నా మోరిస్ మైనర్ పుట్టిల్లు కౌలీ కూడా ఆక్స్‌ఫర్డ్ శివారే. దాన్ని రూపొందించిన అలెక్ ఇసిగోనిస్ చివరి నిమిషంలో బండి మరీ సన్నగా ఉందనుకుని, నమూనాని నిలువునా రెండుగా కోయించి, ముక్కల్ని జరిపి చూసుకుని, నాలుగంగుళాలు వెడల్పు చేయించాడు. నా బండి బానెట్ నడుమ ఇప్పటికీ పట్టీలాంటి చదును కనిపిస్తుంది, అది ఆ నాలుగంగుళాల గుర్తే. 1948లో మొదలైన ఈ బండే పది లక్షలు దాటిన మొదటి బ్రిటిష్ కారు.

తొమ్మిదిన్నరకి రోడ్డుబుక్కులు పంచుతారు. ఫోన్లో దారి చూసుకోవడం మా దగ్గర మర్యాద కాదు. ప్రతి మలుపుకీ ఓ చిన్న గడి, గడిలో ఓ బొమ్మ, పక్కన మైళ్లు. బొమ్మలో నల్లటి చుక్క ఉన్నచోట మనం ఉన్నట్టు. బాణం కొస ఎటుంటే అటు వెళ్లాలి. మిగతా దార్లు ఉత్త గీతలు. హాలండులో 1949లో మొదలైన ట్యూలిప్ ర్యాలీ వల్ల వీటికి ట్యూలిప్ బొమ్మలని పేరొచ్చింది. ఇంకాస్త కష్టంగా ఉండాలనుకున్న రోజున చేపముల్లు ఇస్తారు. దారినంతా నిటారు గీతగా సాగదీసి, మనం వదిలేయాల్సిన దార్లని ఎడమకో కుడికో ముళ్లలా గీస్తారు. ఎడమన రెండు, కుడిన ఒకటి వదిలేశామంటే సరైన దారిలో ఉన్నట్టే.

మా అమ్మాయి నా పక్కన కూర్చుని దారి చెబుతుంది. "నాన్నా, మైళ్లు చూడు, ఇంకో రెండు వందల గజాలే" అంటుంది. నాకేమో మొదటి గేరుతో తంటా. మైనర్ గేరుబాక్సులో మొదటి గేరుకి సింక్రోమెష్ లేదు. బండి కదులుతుండగా అందులోకి దిగాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, క్లచ్ వదిలి ఒకసారి రేసు ఇచ్చి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. పళ్లు రెండూ ఒకే వేగానికి వచ్చాయా లేదా అన్నది అరచేతికి తెలుస్తుంది. తెలియనినాడు ఊరంతటికీ వినిపిస్తుంది. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే కాబట్టి ముందుబండికి దూరంగా ఉండడం ఇంకో పాఠం. కాట్స్‌వోల్డ్స్ పల్లెల్లో తేనెరంగు రాళ్ల ఇళ్ల మధ్య దార్లు ఒక్క బండికే సరిపోతాయి. ఎదురుగా ట్రాక్టరొస్తే వెనక్కి నడపాలి. అందుకే మా క్లబ్బు వేసవిలో మైదానంలో ప్లాస్టిక్ శంకువులు పెట్టి, ముందుకీ వెనక్కీ గడియారం మీద పోటీలు పెడుతుంది. బానెట్ మీద గిన్నెలో టెన్నిస్ బంతి ఉంచి, అది దొర్లిపడకుండా నడిపించే ఆట కూడా ఉంది. పిల్లల ఆటలా కనిపిస్తుంది కానీ క్లచ్ మీద కాలు మెత్తబడడానికి అంతకంటే మంచి సాధన నేను చూడలేదు.

ఈ ప్రయాణాల్లో రాయని నియమం ఒకటుంది. బానెట్ ఎత్తి ఆగిన బండిని ఎవరూ దాటిపోరు. ఓసారి మా ముందు పోతున్న ఆకుపచ్చ బండి ఎత్తు మీద చచ్చుబడి ఆగింది. ఐదు నిమిషాల్లో దాని వెనక నాలుగు బండ్లు. పెద్దాయన వచ్చి అందర్నీ నోరు మూసుకోమని చెప్పి, తాళం తిప్పమన్నారు. కరెంటు పెట్రోలు పంపున్న బండిలో తాళం తిప్పగానే ఆ పంపు టిక్‌టిక్‌మని వేగంగా కొట్టుకుని, కార్బొరేటర్ నిండాక నెమ్మదించి ఆగాలి. ఇక్కడ ఏ చప్పుడూ లేదు. ఆయన వెనక చక్రం దగ్గరికి వంగి, సుత్తి కర్రపిడితో పంపుని మెల్లగా రెండు దెబ్బలు వేశారు. టిక్‌టిక్ మొదలైంది. లోపల పాయింట్ల మీద మసి పట్టిందనీ, ఇంటికెళ్లి శుభ్రం చేయకపోతే రేపు దెబ్బలకి కూడా లేవదనీ చెప్పి పంపించారు. బండి సొంతదారుకి ఆ వేళ దక్కింది గండం గట్టెక్కడం ఒక్కటే కాదు, తన బండిలో ఏ చప్పుడు వినాలో తెలిసింది.

కొండెక్కే పోటీలు చూడ్డానికి ఏడాదికో రెండేళ్లకో వూస్టర్‌షైర్‌లోని షెల్స్‌లీ వాల్ష్‌కి వెళ్తాం. 1905 నుంచి అదే ఎత్తు మీద బండ్లు పందెం పడుతున్నాయి. తెల్లగుడ్డతో తుడిచి మార్కులేసే అందాల పోటీలు కూడా ఉంటాయి. వాటి మీద నాకంత మక్కువ లేదు. బానెట్ కింద కూడా అద్దంలా మెరిసే బండి లారీ మీద వచ్చి లారీ మీద వెళ్తుంది. ఇక్కడివాళ్లు 'ఆయిలీ రాగ్' అనే బండ్లుంటాయి, అంటే రంగు వెలిసినా మార్చకుండా, నూనెగుడ్డతో తుడుచుకుంటూ రోజూ నడుపుకునేవి. తోలు సీటు మీద యాభై ఏళ్లుగా కూర్చున్న గుర్తులున్న ఆ బండ్ల దగ్గరే నాకు కాళ్లు ఆగుతాయి.

ఈ క్లబ్బుల అవసరం ఇప్పుడు పెరిగింది. 2018 మే నుంచి బ్రిటన్‌లో నలభై ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని బండ్లకి ఏటా చేయించే ఎంఓటీ పరీక్ష తప్పనిసరి కాదు. వెసులుబాటు బాగానే ఉంది, కానీ బ్రేకుగొట్టం తుప్పుపట్టిందో లేదో చూసే మూడో కన్ను పోయింది. ఆ కన్ను ఇప్పుడు క్లబ్బే. 2021 సెప్టెంబరులో మామూలు పెట్రోలులో ఇథనాల్ పది శాతం దాకా కలపడం మొదలైనప్పుడు, పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి కారతాయని మాకు ముందుగా చెప్పిందీ, ఏ గొట్టాలు వేసుకోవాలో చూపించిందీ క్లబ్బువాళ్లే. విడిభాగాల సంగతి ఆశ్చర్యంగా ఉంటుంది. ఎం.జి.బి. తయారీ ఆగిపోయిన ఎనిమిదేళ్లకి, 1988లో, దాని పూర్తి బాడీ మళ్లీ అసలు అచ్చుల మీదే తయారవడం మొదలైంది. కొనేవాళ్లుండబట్టే కదా అది సాధ్యమైంది.

ఇక్కడ మా ఊరి మాట ఒకటి చెప్పాలి. క్లబ్బులో మొదటిసారి ఎం.జి.ఎ. బండి బానెట్ ఎత్తి చూపించినప్పుడు ఆ ఇంజను నాకెక్కడో పరిచయమనిపించింది. నిజంగానే పరిచయం. అది 1489 సి.సి. బి-సిరీస్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి పుట్టి, కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో 2014 దాకా తయారైన మన అంబాసిడర్‌లో చాలా ఏళ్లు ఉన్నది ఆ ఇంజనే. విజయవాడ ఆటోనగర్‌లో మా మామయ్య బండికి పని చేసే మేస్త్రీ పొడుగాటి స్క్రూడ్రైవరు మొనని ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకునేవాడు. కాసేపు విని, "మూడో ట్యాపెట్టండీ" అనేవాడు. కవరు విప్పి ఫీలర్ గేజు పెడితే అక్కడే తేడా. అంబాసిడర్లతో పాటు ఆ మేస్త్రీల చెవులూ కనుమరుగవుతున్నాయి. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌ల సంగతీ అంతే. రబ్బరు గొట్టం పట్టుకున్న మా పెద్దాయనని చూసినప్పుడల్లా నాకు ఆ మేస్త్రీయే గుర్తొస్తాడు. పెద్దాయనకి ఈ సంగతి చెప్పాను. స్క్రూడ్రైవరు ఎంత పొడుగు ఉండేదని అడిగారు.

పోయిన శనివారం పెద్దాయన షెడ్డులో గ్రీజు పని. మైనర్ ముందు చక్రాల దగ్గర ట్రనియన్ అనే కీలు ఉంటుంది. దాని మరలు అరిగిపోతే చక్రం ఒక్కసారిగా రెక్క కిందికి మడుచుకుపోతుంది. వెయ్యి మైళ్లకోసారి గ్రీజు కొట్టాలని మా క్లబ్బు లెక్క. బండిని జాకీ మీద లేపి, స్టాండ్లు పెట్టి, చక్రం మీద బరువు లేకుండా చేస్తేగానీ గ్రీజు లోపలిదాకా పోదు. మా అమ్మాయి నిపుల్ మీది మట్టి గుడ్డతో తుడిచింది. గ్రీజు గన్ను తగిలించి పిడి నొక్కింది. ఏమీ రాలేదు. పెద్దాయన స్టీరింగుని ఎడమకి తిప్పి మళ్లీ నొక్కమన్నారు. నాలుగు నొక్కులకి కీలు అంచున పాత గ్రీజు నల్లగా, గట్టిగా బయటికొచ్చింది. అమ్మాయి ఆపబోయింది. "ఆగకు, రంగు మారాలి" అన్నారాయన. ఇంకో ఆరు నొక్కులు. నలుపు కాస్తా గోధుమరంగై, చివరికి కొత్త గ్రీజు తేనెలా మెరుస్తూ కనిపించింది. పిల్ల గన్ను తీసి, అంచు తుడిచి, రెండో చక్రం వైపు జరిగింది.