ఉజ్జీవపు మాటలు – ఊతపదాలు

ఒక సమాజంలో యువకులు ఏ మాటలు వాడుతున్నారో, ఆ మాటలకు వారి జీవితంతో ఎంత సంబంధం ఉన్నదో చూడటం సాహిత్య విమర్శకుడి పని కాదని కొందరి అభిప్రాయం. కావ్యాన్ని విమర్శించండి, కథను విమర్శించండి, చర్చి కూటాలలో కుర్రవాళ్లు మైకు ముందు చెప్పే మాటలతో మీకేం పని అని వారడగవచ్చు. కాని కావ్యమూ కథా ఏ భాషలోంచి పుడతాయో ఆ భాష జనం నోళ్లలోనే పెరుగుతుంది, అక్కడే చెడుతుంది. ఆదివారం ఉదయం పల్లెలలో పేదప్రజలు శ్రద్ధగా కూర్చుని గంటలకొద్దీ వినే తెలుగు వచనం చర్చి ప్రసంగమే. ఆ వచనాన్ని పట్టించుకోని విమర్శ ప్రజల భాషను గురించి ఎంత మాట్లాడినా సగమే మాట్లాడినట్లు.

వికారాబాదు, తాండూరు, పూడూరు ప్రాంతాల యువజన కూటాలను నేను కొంతకాలంగా వింటున్నాను. ఇది మెథడిస్టు మిషను చిరకాలం పనిచేసిన నేల. ధారూరులో ఏటా నవంబరులో జరిగే క్రైస్తవ జాతర ఈ చుట్టుపక్కల పల్లెలన్నిటికీ తెలిసినదే. పాత సంఘాల పక్కన కొత్త సంఘాలూ వెలిశాయి. సంఘం ఏదైనా, నేను విన్న యువనాయకుల పదకోశం మాత్రం ఇంచుమించు ఒక్కటే.

ఆ పదకోశంలో అగ్రతాంబూలం ‘ఫైర్’ అనే మాటది. పాట ఫైర్, ప్రసంగం ఫైర్, ఉపవాస ప్రార్థన ఫైర్. చివరకు భోజనాల పంక్తిలో చురుగ్గా వడ్డించిన పిల్లవాడు కూడా ఫైరే. దాని వెనక ‘నెక్స్ట్ లెవెల్’, ‘బ్రేక్‌త్రూ’, ‘విజన్’, ‘ఇంపాక్ట్’ వరుసగా వస్తాయి. తెలుగు మాటలూ ఇదే దారి పట్టాయి. వాన వెలిసినా అద్భుతమే, బస్సు దొరికినా అద్భుతమే. ఎవరికైనా ఒక పని చెయ్యాలనిపిస్తే ‘భారం కలిగింది’. చేస్తే ‘వాడబడ్డారు’. చెయ్యలేకపోతే ‘నడిపింపు లేదు’. అన్ని చోట్లా ఒకే మాట పనికివస్తున్నదంటే, అది ఏ చోటా ఏమీ చెప్పటం లేదని అర్థం. రూపాయిని మరీ ఎక్కువగా అచ్చువేస్తే సంతలో ఏమవుతుందో మాటకూ అదే అవుతుంది.

ఈ మాటలలో కొన్ని వెనకటివారు కష్టపడి సంపాదించినవి గనకనే ఈ దుబారా మరింత బాధాకరం. తెలుగు క్రైస్తవ పరిభాష ఒక్కనాడు పుట్టలేదు. విశాఖపట్నంలో ఆనందరాయరు తోడ్పాటుతో డి గ్రాంజెస్ అనువదించిన సువార్తలు 1812లో సెరంపూరులో అచ్చయ్యాయి. అంతకు ముందు నుంచీ, ఆ తరువాతా ఎందరో పండితులూ మిషనరీలూ ఒక్కొక్క మాట కోసం తడుముకున్నారు. ‘మారుమనస్సు’ అనే మాట చూడండి. పశ్చాత్తాపం అంటే జరిగినదానికి బాధపడటం. మారుమనస్సు అంటే మనిషి లోపల తిరగబడి వేరే మనిషి కావటం. ఎంత అవసరమైన మాట! ‘సువార్త’, ‘సహవాసం’ కూడా అటువంటివే. పురుషోత్తమ చౌదరి (1803–1890) ఇదే పరిభాషను తెలుగు కీర్తనల నడకలోకి తెచ్చాడు. అందుకే ఈ నాటికీ ఆ పాటలు అన్ని శాఖల చర్చిలలోనూ వినిపిస్తున్నాయి. ఇక జాషువ (1895–1971) సంగతి చెప్పనక్కరలేదు. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. ఆయన పద్యంలో క్రీస్తు కరుణ గురించి చదివినవాడికి, అది వీధిలో నడిచే మనిషి మీద చూపవలసిన కరుణ అని వేరే చెప్పవలసిన పని ఉండదు. ఇంత ఆస్తికి వారసులైనవారు నాలుగు అరువు కేకలతో కాలక్షేపం చేయటం దారిద్ర్యం.

కేకలకన్నా ప్రమాదమైనది వ్యాకరణం. ‘బడు’ చేర్చిన కర్మణి వాక్యం మన వాడుక భాషకు సహజం కాదు. అనువాద గ్రంథాలలో అది విరివిగా వాడుకలోకి వచ్చింది. గ్రంథంలో దానికొక ప్రయోజనం ఉన్నది. మనిషి తన గొప్ప చెప్పుకోకుండా, చేసినవాడు దేవుడు అని వినయంగా పక్కకు తప్పుకుంటాడు. యువనాయకుడి నోట అదే వాక్యం వేరే పనికి దిగుతుంది. ‘ఈ కూటానికి ఇంటికి వెయ్యి రూపాయలు ఇవ్వాలని మా హృదయంలో పెట్టబడింది’ అన్నారనుకోండి. పెట్టింది ఎవరు? లెక్క అడగవలసింది ఎవరిని? వాక్యంలో కర్త లేడు గనక ప్రశ్నకు జవాబుదారీ లేదు. వినయం కోసం పుట్టిన వాక్యం అధికారానికి తెర అయింది. ప్రభుత్వ కార్యాలయాలలో ‘చర్యలు తీసుకోబడుతున్నవి’ అనే వాక్యం చేసే పనీ ఇదే.

ఉత్సాహాన్ని అనుమానించటం క్రైస్తవ విరోధమని ఎవరైనా అంటే, మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీనే సాక్షిగా పిలవవచ్చు. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో ‘ఉత్సాహి’ అంటే దైవావేశం తనకే పట్టిందని భ్రమపడేవాడు. అది తిట్టు. ఆ తిట్టును వెస్లీ అనుచరులే ఎక్కువగా పడ్డారు. అయినా ఆయన 1750లో ఆ భ్రమకు విరుద్ధంగా ప్రత్యేకించి ఒక ప్రసంగం రాశాడు. 1746లో తన ప్రసంగాలను అచ్చువేస్తూ, సామాన్యుల కోసం సామాన్యమైన మాటలలో సత్యం చెప్పటమే తన ఉద్దేశమని ముందుమాటలో స్పష్టం చేశాడు. గని కూలీలకు బయట పొలంలో నిలబడి బోధించినవాడికి అర్థంకాని మాటలతో పని జరగదని తెలుసు. తాండూరు నాపరాతి గనులలో పనిచేసే కుర్రవాడికి ‘బ్రేక్‌త్రూ’ అని చెప్పేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంతమాత్రాన ఆ నాయకులను ఎగతాళి చేసి ఊరుకుంటే అది అగ్రవర్ణ విద్యావంతుల వెక్కిరింత అవుతుంది. ఆ మాటలు ఎందుకు పుట్టాయో చూడాలి. ఊరి చివరి వాడలో పుట్టి, డిగ్రీ చదివి, పని దొరకని పాతికేళ్ల యువకుడికి ఊరిలో ఎవరూ మైకు ఇవ్వరు. చర్చి ఇస్తుంది. అక్కడ అతడు ‘అన్న’, ‘లీడర్’. ఇది చిన్న విషయం కాదు. మైకు అందిన తరువాత ఏ భాషలో మాట్లాడాలి? ఇంట్లో తల్లితో మాట్లాడే భాష వేదికకు తగదని అతనికి ఎవరో నేర్పారు. ‘గట్లనే’, ‘జర ఆగు’ అనే నోటితోనే మైకు ముందు కోస్తా గ్రాంథికమూ, నగరపు కంపెనీల ఇంగ్లీషూ కలిపి మాట్లాడతాడు. ‘విజన్’, ‘టీమ్’, ‘ఇంపాక్ట్’ సువార్తలలోంచి వచ్చినవి కావు. అమ్మకాల పెంపు కోసం ఉద్యోగులకు బోధించే తరగతులలోంచి వచ్చినవి. అతనికి ఉద్యోగం ఇవ్వని కంపెనీ తన భాషను మాత్రం ఉచితంగా ఇచ్చింది.

ఆ భాష మోయలేని విషయాలు ఏమిటో కూడా చూడాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. తరువాత 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ వర్తింపజేశారు. క్రైస్తవులైన దళితులు మాత్రం మన రాష్ట్రంలో బి.సి.లలో ‘సి’ వర్గం కింద ఒక శాతం రిజర్వేషనుతో సరిపెట్టుకోవాలి. మతం మారినా వాడ మారలేదు, బావి దగ్గర చూపు మారలేదు, కాగితం మాత్రం మారింది. కూటంలో కూర్చున్న యువకులలో చాలామంది జీవితాలలో ఇది ప్రతిదినం ఎదురయ్యే ముడి. ‘నెక్స్ట్ లెవెల్’ అనే మాట దాన్ని విప్పదు, దాని పేరైనా ఎత్తదు. అట్లాగే పూడూరు మండలంలోని దామగుండం అడవి. దాదాపు 2,900 ఎకరాలలో నౌకాదళ వి.ఎల్.ఎఫ్. ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. దానిపై ఈ ప్రాంతంలో వాదోపవాదాలు చెలరేగాయి. అడవి పక్కన బ్రతికేవారి కూటాలలో మంటల గురించి ఎన్నో మాటలు విన్నాను గాని, చెట్ల గురించి ఒక్కటీ వినలేదు.

ఆరాధనలో పునరుక్తి సహజం గదా అనే ఆక్షేపణ ఉన్నది. నిజమే. ‘ఆమెన్’ అనే మాటను ఎన్నిసార్లు పలికినా అరగదు. భజనలోనూ, ఊడుపు పాటలోనూ పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది. అయితే పల్లవికి చరణం ఉంటుంది. చరణంలో ఒక కొత్త సంగతి చెప్పి పల్లవికి తిరిగి వస్తాం. చరణం లేకుండా పల్లవే పాడుతూ కూర్చుంటే చెప్పటానికి సంగతి లేదన్నమాట.

ఈ మాట అనే అర్హత మనకు రావాలంటే మన ఇల్లు కూడా చూసుకోవాలి. అభ్యుదయ రచయితల సంఘం 1943లో తెనాలిలో ఏర్పడింది. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ 1950లో పుస్తకంగా వచ్చింది. ఆ తరువాత రక్తం, జెండా, సంకెళ్లు, ఉషస్సు లేనిదే పద్యం కదలని కవులు ఎంతమంది రాలేదు! శ్రీశ్రీకి అవి అనుభవం, అనుకర్తలకు సరంజామా. మన సభలలో ‘చైతన్యం’ అనే మాట చేస్తున్న పని వారి కూటాలలో ‘ఫైర్’ చేస్తున్న పనికి ఎంత భిన్నమో నిజాయితీగా ఆలోచించాలి. రెండు చోట్లా పడికట్టు మాట చేసే అపకారం ఒకటే. ఆలోచన మొదలుకాక ముందే అది పూర్తయిందన్న తృప్తి ఇస్తుంది.

కాబట్టి పూడూరు యువనాయకులకూ, మన యువకవులకూ ఒకే పరీక్ష ప్రతిపాదిస్తున్నాను. మాట నోటికి రాగానే మూడు ప్రశ్నలు వెయ్యండి: ఎవరు చేశారు? ఏం చేశారు? ఎవరి కోసం చేశారు? జవాబు దొరికితే దాన్నే ఇంటి తెలుగులో చెప్పండి. ‘మేం పది మందిమి కలిసి, జ్వరం వచ్చిన ముసలమ్మను వికారాబాదు దవాఖానకు తీసుకపోయినం’ అని చెప్పండి. ఆ వాక్యంలో కర్త ఉన్నాడు, పని ఉన్నది, ప్రేమ ఉన్నది. దానికి ‘ఇంపాక్ట్’ తోడు అవసరం లేదు. మారుమనస్సు పొందిన వాళ్లు మాట్లాడవలసిన భాష అదే.