నీది కాని గుట్టు

ప్రేమ మొదలైన కొత్తలో పిల్లలు ఒకరికొకరు ఇచ్చుకునే మాటల్లో ‘నీ దగ్గర ఏదీ దాచను’ అన్నది తప్పకుండా ఉంటుంది. అడగడమూ తేలికే, ఇవ్వడమూ తేలికే. అంతకుముందో ఆ తర్వాతో హాస్టల్ గదిలో స్నేహితుడొకడు ‘నీకొక్కడికే చెబుతున్నా, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి’ అన్నప్పుడు అసలు చిక్కు వస్తుంది. వాడు ఇంట్లో తెలియకుండా కాలేజీ మానేసి ఉండొచ్చు, ఫోన్లో లోన్ యాప్ నుంచి అప్పు తీసి ఉండొచ్చు, వేరే కులం అమ్మాయిని రిజిస్టర్ పెళ్లి చేసుకోవాలని చూస్తూ ఉండొచ్చు. సాయంత్రం ఆమె అడుగుతుంది: ‘ఏంటి, మీవాడు అదోలా ఉన్నాడు?’ ఇప్పుడు ఈ కుర్రాడు రెండు మాటలకు కట్టుబడి ఉన్నాడు. ఒకటి నిలబెట్టుకుంటే రెండోది తప్పాలి. చాలామంది పట్టే దారి మనకు తెలిసిందే. ఆమెకు మొత్తం చెప్పేసి, ‘నువ్వు మాత్రం ఎవరితోనూ అనకు’ అని మళ్లీ ఒక ఒట్టు వేయించుకుంటారు. పాత ఒట్టు తీసి గట్టున పెట్టి, కొత్తది ఆమె నెత్తిన పెట్టడం అన్నమాట. ఆ రెండు మాటలూ ఒకే తూకానివి కావని, స్నేహితుడికిచ్చినదే నిలవాలని నేనంటాను. ప్రేమ కంటే స్నేహం గొప్పదని కాదు. కారణం వేరే ఉంది.

మాటకు మాట అడ్డుపడటంలో మన భారతం కంటే అనుభవమున్న పుస్తకం లేదు. ఆదిపర్వంలో యయాతి కథ చూడండి. దేవయాని, శర్మిష్ఠ ఒకప్పుడు స్నేహితురాళ్లు. కొలను గట్టున చీరలు తారుమారైన తగవులో శర్మిష్ఠ దేవయానిని బావిలో తోసింది. ఆ దారిన వచ్చిన యయాతి చేయి పట్టి పైకి లాగాడు, తర్వాత పెళ్లాడాడు. ఆ తప్పుకు శర్మిష్ఠ దాసిగా వెంట వెళ్లింది. దేవయాని తండ్రి శుక్రుడు అల్లుడికి ఒకే షరతు పెట్టాడు: శర్మిష్ఠను బాగా చూసుకో, పడకకు మాత్రం పిలవకు. యయాతి సరేనన్నాడు. కొన్నాళ్లకు శర్మిష్ఠ తనే వచ్చి అడిగింది. స్నేహితురాలి మొగుడు తన మొగుడితో సమానమేనంది, కొన్ని సందర్భాల్లో బొంకినా పాపం లేదని ధర్మశాస్త్రమూ వినిపించింది. యయాతి మొదట తటపటాయించాడు. చివరికి అతన్ని లొంగదీసింది మాత్రం అతని ఇంకో వ్రతం: అడిగినవారికి లేదనకపోవడం. అలా ఒక మాట చాటున ఇంకో మాట తప్పాడు, తప్పిన సంగతి ఏళ్ల తరబడి దాచాడు. శర్మిష్ఠ కూడా తన కొడుకు ఒక ఋషి వరమని దేవయానితో బొంకింది. ఒకనాడు తోటలో ఆడుకుంటున్న పిల్లల్ని ‘మీ నాన్నెవరు’ అని దేవయాని అడిగితే వాళ్లు యయాతి వైపు వేలు చూపించారు. ఆ తర్వాత శుక్రుడి శాపం, అకాల వార్ధక్యం, తండ్రి ముసలితనాన్ని మోసిన పూరుడి కథ అందరికీ తెలిసినవే.

ఈ కథను కామానికి శిక్ష అని చెప్పుకోవడం అలవాటు. నాకు ఇందులో అంతకంటే ఆసక్తి కలిగించేది యయాతి చేసిన రెండు ప్రమాణాల తేడా. శుక్రుడికిచ్చిన మాట ఒక మనిషికి, ఒక విషయం మీద, పర్యవసానం తెలిసి ఇచ్చినది. ‘అడిగినవారికి లేదనను’ అన్నది ఎవరడుగుతారో ఏమడుగుతారో తెలియకుండా సంతకం పెట్టిన ఖాళీ చెక్కు. అర్జునుడిదీ ఇదే తంటా. గాండీవం ఇంకొకరికిచ్చెయ్యమన్నవాణ్ని చంపుతానని అతను మనసులో ఒక వ్రతం పెట్టుకున్నాడు. కర్ణపర్వంలో ఆ మాట అన్నది సొంత అన్న ధర్మరాజు. కత్తి దూసిన అర్జునుణ్ని కృష్ణుడు చీవాట్లు పెట్టి ఆపి, పెద్దవాణ్ని ‘నువ్వు’ అని తూలనాడితే చంపినట్టేనని ఒక దారి చూపించాడు. ‘నీ దగ్గర ఏదీ దాచను’ కూడా ఈ జాతి ప్రమాణమే. నా జీతం, నా జబ్బు, నా పాత ప్రేమ, నా భయాలు నీకు తెలియనివ్వకుండా ఉండనని దాని అర్థమైతే మంచిదే, ఎందుకంటే అవి నావి. స్నేహితుడి సంగతి నాది కాదు. అతను దాన్ని నా దగ్గర ఉంచాడంతే. పరాయి సొత్తును ఎంత ప్రేమించినవాళ్లకైనా ధారపోసే హక్కు మనకు లేదు. అలా ధారపోస్తానని ప్రేయసికి మాటిచ్చి ఉంటే, ఆ భాగం వరకు ఆ మాట ఇచ్చిననాడే చెల్లదు.

బయటపడితే నష్టం ఎవరికన్నది కూడా చూడాలి. రిజిస్టర్ పెళ్లి సంగతే తీసుకుందాం. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకోవాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసులో అందరికీ కనిపించేలా అంటిస్తారు. ఆ నెల రోజులూ ఆ జంట ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరుగుతుంది. 2018లో మిర్యాలగూడలో వేరే కులం అమ్మాయిని పెళ్లాడిన కుర్రాణ్ని ఎలా చంపించారో చూసినవాళ్లకు ఇలాంటి గుట్టు బరువు గురించి ఇంకా చెప్పనక్కర్లేదు. ఈ కుర్రాడు తన ప్రేయసికి చెప్పి పోగొట్టుకునేది ఏమీ లేదు, పైగా కాస్త చనువు పెరుగుతుంది. ఆమె మంచిదే, కానీ ఆమెకూ ప్రాణస్నేహితురాలు ఒకరుంటారు, ‘నీ దగ్గర ఏదీ దాచను’ అని ఆమెకూ ఎప్పుడో మాటిచ్చి ఉంటుంది. లాభం ఒకరిది, ప్రమాదం వేరొకరిది అయినప్పుడు ప్రమాదం ఎవరిదో వాళ్ల అనుమతి అడగాలి.

జీవితం పంచుకోబోయే ఇద్దరి మధ్య తెర ఉండకూడదు కదా అని ఒక అభ్యంతరం వస్తుంది. పెద్దవాళ్లు కూడా అనే మాటే, కొట్టిపారేయదగ్గది కాదు. చట్టం సైతం దాంపత్యానికి ఒక మర్యాద ఇచ్చింది. భార్యాభర్తలు పెళ్లయ్యాక ఒకరితో ఒకరు చెప్పుకున్నదాన్ని బయటపెట్టమని కోర్టు మామూలుగా బలవంతపెట్టదు. 1872 నాటి సాక్ష్యాధార చట్టంలో ఉన్న ఈ నియమం దాని స్థానంలో 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ ఉంది. స్నేహితులకు ఆ రక్షణ లేదు, పెళ్లికాని ప్రేమికులకూ లేదు. కానీ ఆ చట్టమే క్లయింటు చెప్పింది అతని అనుమతి లేకుండా బయటపెట్టకూడదని లాయరును కట్టడి చేసింది, లాయరు గారి భార్యకు మినహాయింపు ఇవ్వలేదు. ఏ లాయరు భార్యా దీన్ని ప్రేమలో కొరతగా అనుకోదు. భోజనాల దగ్గర ఆయన కేసుల సంగతులు కక్కేస్తుంటే ఆయన దగ్గరికి కేసులు తేవడానికే జనం జంకుతారు. దంపతుల మధ్య చెప్పుకున్నది భద్రంగా ఉండాలని చట్టం అంటోంది. ఊళ్లోవాళ్ల సంగతులన్నీ చెప్పుకుని తీరాలని అనడం లేదు.

ఇప్పటి పిల్లల విషయంలో నోటి కంటే ఫోను ప్రమాదం. ప్రేమికులు పాస్‌వర్డులు ఇచ్చిపుచ్చుకోవడం నమ్మకానికి గుర్తుగా చెలామణీ అవుతోంది. వాట్సాప్ 2016 నుంచి సందేశాలన్నిటికీ గుప్తలిపి రక్షణ ఇస్తోంది, మధ్యలో ఎవరూ చదవలేరు. చివర్లో ఫోను పట్టుకున్న మనిషి దాన్ని ఇంకొకరి చేతికిస్తే ఆ రక్షణంతా వృథా. మాటిచ్చినవాడు పెదవి విప్పలేదు, అయినా స్నేహితుడు అర్ధరాత్రి పంపిన నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ ఆమె వినేసింది. ‘నేనేం చెప్పలేదురా’ అని వాడు ప్రమాణం చేసినా అది అబద్ధం కాదు. చెప్పకుండానే నమ్మకద్రోహం చేసే సౌకర్యం ఇది.

నా వాదనకు అసలైన దెబ్బ కుంతి నుంచి వస్తుంది. కర్ణుడు తన కొడుకని ఆమె కడుపులో దాచుకుంది. కృష్ణుడికీ తెలుసు. ఈ సంగతి ధర్మరాజుకు చెప్పొద్దని కర్ణుడు అడిగితే, తను పాండవుల పక్షమైనా కృష్ణుడు చెప్పలేదు. ఇందరు ఇంత నిష్ఠగా దాచినందుకు తమ్ముడు అన్నను చంపాడు. తిలోదకాల వేళ నిజం విన్న ధర్మరాజు ఆడవాళ్ల దగ్గర రహస్యం నిలవకుండుగాక అని శపించాడు. ఆడవాళ్ల నోట నువ్వుగింజ నానదని సామెత చెప్పేవాళ్లు, ఆ శాపానికి కారణం ఒక ఆడది గుట్టు దాచలేకపోవడం కాదు, జీవితమంతా దాచడమేనని మరిచిపోతారు. మరి గుట్టు దాచడమే ధర్మమైతే ధర్మరాజు కోపం తప్పా? తప్పు కాదు. ఆ గుట్టులో అతనికి వాటా ఉంది, అది అతని అన్న సంగతి. ప్రేమికుల విషయంలోనూ ఇంతే. స్నేహితుడు దాచమన్నది ఆమెకు సంబంధించినదే అయితే, ఉదాహరణకు ఆమె చెల్లెలితో ప్రేమ నడుపుతూ ఇంకోచోట పెళ్లిచూపులకు వెళ్లొస్తున్నాడనుకుందాం, ఇక్కడ నా సూత్రం ఊరికే నిలబడదు. అప్పుడు కూడా నేరుగా ఆమె దగ్గరికి పరుగెత్తమనను. ముందు వాడి దగ్గరికే వెళ్లాలి: ‘ఆదివారం లోపు నువ్వే చెప్పు, లేకపోతే నేను చెబుతాను.’ కృష్ణుడు కర్ణుణ్ని ఇలా నిలదీసి ఉంటే ఏమయ్యేదో, భారతం ఎన్ని పర్వాలు తగ్గేదో!

ప్రాణం మీదికి వచ్చే సంగతులకు మాత్రం ఏ ఒట్టూ అడ్డు కాదు. స్నేహితుడు చచ్చిపోతానంటున్నాడు, ఎవరికీ చెప్పొద్దంటున్నాడు. చెప్పి తీరాలి. అయితే ఎవరికి, ఎంత? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచమంటూనే, ప్రాణాపాయం తప్పించడానికి చెప్పొచ్చంది, అదీ ఆ అపాయం తప్పించడానికి అవసరమైనంత వరకే. ఈ కొలత నాకు బాగా నచ్చింది. వాడి అమ్మానాన్నలకో, వార్డెనుకో, నమ్మదగిన లెక్చరరుకో చెప్పాలి, లేదా 14416కు ఫోన్ చేయాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు అది, ఉచితం. ప్రేయసికి చెప్పడం వల్ల వాడి ప్రాణం నిలబడదు, చెప్పినవాడి గుండె బరువు తగ్గుతుంది, అంతే. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ఎవరినీ మౌనంగా ఉండనివ్వదు. చెప్పని పెద్దవాళ్లకు ఆరు నెలల దాకా జైలో, జరిమానానో, రెండూనో. దాచిన పిల్లలకు శిక్ష లేదు. ఆ చట్టం పదిహేడేళ్ల ప్రేమజంటలను కూడా చుట్టుకుంటోందన్నది వేరే పెద్ద తగవు, ఇప్పుడు దాని జోలికి పోను.

మిగిలింది ఎలా చెప్పాలన్నదే. ‘నాకేం తెలియదు’ అనడం అబద్ధం, రేపు బయటపడితే ఆమె ఎదుట దోషిగా నిలబడాలి. ‘తెలుసు, కానీ అది వాడి సంగతి, నేను చెప్పకూడదు’ అంటే ఏదో ఉందని ఆమెకు తెలిసిపోతుంది కదా అంటారు. తెలియనివ్వండి. ఉందని తెలియడం వేరు, ఏముందో తెలియడం వేరు. ఆమె అలగవచ్చు. తన రహస్యాలు కూడా ఇతని దగ్గర ఇలాగే భద్రంగా ఉంటాయని గ్రహించడానికి ఆమెకు నాలుగు రోజులు పట్టొచ్చు. అసలు గ్రహించకపోతే, ఆమె అడుగుతున్నది ప్రేమ కాదు, కాపలా. స్నేహితుల దగ్గర ఒట్టు వేసేముందు కూడా ‘ప్రాణం మీదికొస్తే మాత్రం చెబుతాను’ అని ఒక్క మాట అనుకోవడం మంచిది. ఇంక ఫోన్ పాస్‌వర్డు సంగతి: ఈ వ్యాసం చదివే కుర్రకారులో ఇప్పటికే ఇచ్చేసినవాళ్లుంటే, స్నేహితుల చాట్లకు వేరే రహస్య కోడ్‌తో తాళం వేసే సదుపాయం వాట్సాప్‌లో 2023 నుంచి ఉంది. తాళం వేసి, వేశానని ఆమెకో అతనికో ఇవాళే చెప్పండి.