పారసీక నగరాలు, పశువుల మందలు

దక్షిణ ఢిల్లీలో, కుతుబ్ మినారుకు అనతిదూరాన, కటవారియా సరాయ్ అనే పేట ఉన్నది. బేర్ సరాయ్, జియా సరాయ్, లాడో సరాయ్ దాని ఇరుగుపొరుగులు. పోటీ పరీక్షలకు చదివే తెలుగు యువకులు పెక్కుమంది ఈ పేటల అద్దెగదులలో కాలం గడిపినవారే. ‘సరాయి’ పారసీక పదం. ఇల్లు, మందిరం అని దాని తొలి అర్థం. మన దేశంలో అది బాటసారులు దిగే బసగా స్థిరపడినది. ఈ మాట మనకు పరాయిదిగా తోచవచ్చును గాని, దాని సహచరి మన నిత్యవ్యవహారంలోనే ఉన్నది. అరబ్బీ ‘మంజిల్’ పారసీకం మీదుగా వచ్చి తెలుగున ‘మజిలీ’ అయినది. మధిర సుబ్బన్న దీక్షితులు తన కాశీయాత్రా కథలకు ఆ మాటనే శీర్షికగా పెట్టుకొన్నాడు. కాశికి పోయే యతి విడిదికి బిడారుల దారిమాట పేరు కావడంలో ఏ పాఠకునికీ వింత కనబడలేదు.

మాటలు ఇంత దూరం నడిచి వచ్చినవి. మన రచయితలు ఆ దారిని ఎదురు నడిచినది మాత్రం తక్కువ. పారసీక దేశం మనకు పద్యం ద్వారా వచ్చినది. దువ్వూరి రామిరెడ్డి పారసీకం నేర్చి ‘పానశాల’ రచించినాడు. ఆదిభట్ల నారాయణదాసు ఖయ్యామును మూలంనుండే సంస్కృతాంధ్రాలలోకి తెచ్చినాడు. జాషువా 1932లో ‘ఫిరదౌసి’ని వెలువరించి, గజనీ సుల్తాను ఆడి తప్పిన మాటను తెలుగువారి గుండెలో గాయంగా నిలిపినాడు. ఇవి గొప్ప కార్యాలు. అయితే వీటివలన మన మనసులో ఏర్పడిన పారసీకం మధుపాత్ర, గులాబితోట, రాజసభ. నీషాపూరుకూ తూసుకూ మధ్యనున్న నేల, ఆ నేలమీద గొర్రెలను తోలుకొని పోయే మనిషి అందులో లేరు. జాషువా దృష్టి కవికి జరిగిన అన్యాయం మీద నిలిచినది. ఆయనను నిందించుటకు వీలులేదు. లోటు ఆ కావ్యాలది కాదు, వాటితో తృప్తిపడిన మనది.

ఆ 1932లోనే, ఏప్రిల్ మాసంలో, రవీంద్రనాథ ఠాకూరు రెజా షా ఆహ్వానంపై విమానమెక్కి పారసీక దేశానికి వెళ్లినాడు. షీరాజులో సాదీ, హాఫిజుల సమాధులు దర్శించినాడు, ఇస్ఫహాను చూచినాడు, తెహరానులో జన్మదినోత్సవం జరుపుకొన్నాడు. తిరుగుదారిలో బాగ్దాదు వెలుపల బెదూయినుల గుడారంలో ఆతిథ్యం స్వీకరించినాడు. యౌవనంలో తాను అరబ్బు బెదూయిన్ అయితే ఎంత బాగుండునని ఒక కవితలో తహతహలాడిన కవికి డెబ్బది దాటిన వయసులో ఆ గుడారం లభించినది. ఘట్టం మనోహరమైనదే. కాని గుడారంలో ఒకపూట భోజనం వేరు, మందవెంట నడక వేరు. భక్తియారీ జాతివారు ఏటా రెండుసార్లు జాగ్రోస్ పర్వతాలు దాటుతారు: శీతకాలం ఖూజిస్తాను మైదానంలో, వేసవి కొండమీది పచ్చికలో. 1925లో వెలువడిన ‘గ్రాస్’ అనే మూకీ చిత్రం ఆ వలసనే చూపినది. ఠాకూరుకు ఆతిథ్యమిచ్చిన ప్రభుత్వమే ఆ దశాబ్దంలో సంచార జాతులను బలవంతంగా ఊళ్లలో కట్టిపడవేసినది. రాజాతిథి బండి ఆగినచోట ఆ బాధ కనబడడం కష్టం. యాత్రా గ్రంథాన్ని తూచేటప్పుడు రచయిత ఎన్ని నగరాలు చూచినాడన్నదానికంటె, ఎవరి వెంట నడిచినాడన్న ప్రశ్న ముందు అడుగవలెను.

ఈ ప్రశ్న అడుగుటకు తెలుగువానికి ప్రత్యేకమైన హక్కు ఉన్నది. గోలకొండ నేలిన కుతుబ్‌షాహీల వంశకర్త సుల్తాన్ కులీ హమదాను ప్రాంతంనుండి వచ్చినవాడు. అతని పూర్వికులు కారా కోయున్లు, అనగా ‘నల్లగొర్రెలవారు’. ఆ మందల జాతి రాజ్యం 1467లో జహాన్ షా పతనంతో కూలిపోవుట ప్రారంభించినది. ఆ శాఖలో పుట్టినవాడు వచ్చి రాజ్యం స్థాపించినది ఎక్కడ? కురుమలు నల్లగొర్రె ఉన్నితో గొంగడి నేసే తెలంగాణంలో. ఇది కేవలం యాదృచ్ఛికమే. అయినా ఏ నవలాకారునికీ ఇది కంటబడకపోవుట ఆశ్చర్యం. హైదరాబాదు ఇస్ఫహానుకు అనుకరణమని చెప్పుట మనకు అలవాటైనది. మీర్ మోమిన్ అస్త్రాబాదీ పర్యవేక్షణలో హైదరాబాదు వెలసినది 1591లో. షా అబ్బాసు రాజధానిని ఇస్ఫహానుకు మార్చి ఆ మహామైదానం కట్టించుట మొదలుపెట్టినది 1598 ప్రాంతంలో. నేడు యాత్రికులు మెచ్చే ఇస్ఫహాను మన నగరానికి చెల్లెలే గాని తల్లి కాదు.

ఇక మందలవారి సంగతి. కాశీమజిలీలలో యతివెంట నడిచేవాడు పశువులు కాచే కుర్రవాడు. ప్రతి మజిలీలోనూ వాడు అడుగుతాడు, యతి చెబుతాడు. వాడు చెప్పగా యతి విన్న మజిలీ లేదు. మన అచ్చుపుస్తకాల యాత్రావాఙ్మయ స్వభావం ఈ ఏర్పాటులో పూర్తిగా బయటపడినది. కాపరి చెప్పిన కథ వినవలెనంటే కాటమరాజు కథల దగ్గరకు పోవలెను. తంగిరాల వెంకటసుబ్బారావు శ్రమించి సేకరించి పరిష్కరించిన ఈ కథలను మన విమర్శకులు వీరగాథలుగా మాత్రమే చదివినారు. అవి నా దృష్టిలో యాత్రాకావ్యాలు కూడా. కరువు వస్తుంది, ఆలమందలు దక్షిణానికి, నెల్లూరు సీమ పచ్చికకు కదులుతవి. నల్లసిద్ధి రాజుతో పుల్లరి ఒడంబడిక జరుగుతుంది: మేతకు బదులు కోడెదూడలు. రాజు ఉంపుడుకత్తె పెంచిన చిలుక గొల్లల బాణానికి చచ్చుట, ప్రతిగా ఆవులు కూలుట, పుల్లరి నిలిచిపోవుట, పాలేటి ఒడ్డున యుద్ధం. ఎదిరిపక్షాన పోరాడి పడినవాడు ఖడ్గతిక్కన. విరాటపర్వంలో గోగ్రహణం వ్రాసిన తిక్కన సోమయాజికి దాయాది అని ప్రతీతి. ఒకే రాజ్యంలో ఒక గోగ్రహణం ఆశ్వాసాలలోకి ఎక్కినది, మరొకటి కొమ్ములవారి నోట మిగిలినది.

సంచారం స్వేచ్ఛ అని నగరవాసి భ్రమ. కాటమరాజు కథ ఆ భ్రమకు చోటివ్వదు. ఎవరి గడ్డి, ఎన్నాళ్లు, ఎన్ని దూడలు అన్న లెక్కతోనే అందులో ప్రతి అడుగూ పడుతుంది. జాగ్రోస్ కనుమలలో నడిచే భక్తియారీకి ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. తెలుగు రచయిత ఎవరైనా షీరాజు బయలుదేరితే ‘పానశాల’ను తప్పక వెంట తీసికొని పోవచ్చును, గుడారం ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఖయ్యామును పక్కన పెట్టి, పుల్లరి సంగతి అడుగుట మేలు.