ఒళ్లు రావడం ఒక్క వాక్యంలో జరగదు

మన కథల్లో షావుకారు బొజ్జతోనే ప్రవేశిస్తాడు. సంతలో కాటా ముందు కూర్చుని కనిపిస్తాడు, కథ అయ్యేదాకా అలాగే ఉంటాడు. ఆ ఒళ్లు ఎన్నేళ్లలో, ఎవరి చింతపండు తూకంలోంచి వచ్చిందో రాయం. అందుకే అది తిట్టులా ఉంటుంది గాని మనిషిలా ఉండదు.

రష్యన్ రచయిత చెహోవ్ 1898లో రాసిన 'ఇయోనిచ్' కథ చూడండి. స్తార్త్సెవ్ చర్చిలో చిన్న పని చేసేవాడి కొడుకు. చదువుకుని పల్లెకు డాక్టరుగా వస్తాడు. మొదటి అధ్యాయంలో అతనికి బండి లేదు. పట్నం నుంచి రాత్రిపూట 9 కిలోమీటర్ల పైన నడిచొచ్చినా అలసట ఉండదు. ఏడాది దాటాక రెండు గుర్రాల బండి వస్తుంది. మరో నాలుగేళ్లకు మూడు గుర్రాలు, వాటికి గంటలు. అప్పుడు చెబుతాడు చెహోవ్, ఇతనికి ఒళ్లొచ్చిందని, ఆయాసం వల్ల నడవడానికి ఇష్టపడడని. బండివాడు కూడా లావెక్కుతాడు. చివరికి కొవ్వు పట్టి డాక్టరు గొంతే మారిపోతుంది.

ఏళ్లన్నీ అధ్యాయాల మధ్య ఖాళీలో గడుస్తాయి. అతను రోజూ ఏం తిన్నాడో చెహోవ్ లెక్క రాయలేదు. మళ్లీ మళ్లీ బండిని చూపించాడు, సాయంత్రం జేబుల్లోంచి తీసి ఎంచుకునే నోట్లను చూపించాడు. మార్పు మన కళ్ల ముందే జరిగినట్టుంటుంది.

ఇందులో మనం గమనించాల్సింది ఇంకొకటి ఉంది. లావు తప్పు కాదు. గంజితో కాలం గడిపిన ఇంట్లో బిడ్డకు ఒళ్లొస్తే తల్లి సంబరపడుతుంది. స్తార్త్సెవ్ పోగొట్టుకున్నది నడక ఒక్కటే కాదు, ఎదుటివాడి మాట వినే ఓపిక కూడా. చివర్లో రోగుల మీద విసుక్కుంటూ కర్రతో నేలమీద కొడతాడు.

షావుకారు బొజ్జను ఎగతాళి చేయడం తేలిక. గూడెం నుంచి కాలినడకన బడికి వెళ్లి, ఉద్యోగం తెచ్చుకుని, మోటారుసైకిలు మీద నెలనెలా, తర్వాత కారులో పండక్కి మాత్రమే వచ్చే మనవాడి గురించి రాయడం కష్టం. రాయాల్సింది అదే.

ఉపాధ్యాయులు పిల్లలతో ఒక పని చేయించవచ్చు. 'లావు', 'బొజ్జ' అనే మాటలు లేకుండా ఒక మనిషి పదేళ్ల మార్పును మూడు పేరాల్లో రాయమనండి. పేరాకూ పేరాకూ మధ్య కొన్నేళ్లు వదలమనండి. కొండదారిలో అతను ముందు ఎక్కడిదాకా ఆగకుండా ఎక్కేవాడో, ఇప్పుడు ఎక్కడ కూలబడుతున్నాడో చెబితే చాలు. మిగతాది చదివేవాళ్లకు తెలుస్తుంది.